గుర్తింపు హక్కు వైద్యమండలి దయాధర్మం కాదు



లింగ గుర్తింపు చట్టాలకూ, రైల్వే, తపాలా ఉద్యోగుల సంఘాలకూ సంబంధమేమిటని మన శ్రేణులలోనే కొందరు ప్రశ్నిస్తున్నారు. ఖాళీ పోస్టుల భర్తీ, పాత పెన్షన్ పునరుద్ధరణ, కాంట్రాక్టు పద్ధతి రద్దు వంటి సమస్యలు నెత్తిమీద ఉండగా ఈ చర్చ దేనికని వారి వాదన. దీనికి సూటిగా సమాధానం చెప్పడం మా బాధ్యత. ఒక మనిషి ఎవరో నిర్ణయించే అధికారం మరొకరి చేతిలో ఉన్నది. ఆ నిర్ణయం మీదనే ఆ మనిషి ఉద్యోగమూ, పాసూ, పెన్షనూ, ఆసుపత్రి చీటీ ఆధారపడి ఉన్నవి. ఇది కార్మిక సమస్య కాకపోతే మరేది కార్మిక సమస్య?

బిలాస్‌పూర్ నుండి ఈ మాటలు వ్రాయడానికి మాకు ప్రత్యేక కారణం ఉన్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి ఉత్తరాంధ్ర నుండి వలసవచ్చి ఈ పట్టణంలో స్థిరపడిన తెలుగు కార్మిక కుటుంబాలు ఎన్నో. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇది ప్రధాన కేంద్రమైనది. ఇక్కడినుండి బయలుదేరే రెండు రైలు మార్గాలూ ఈ సమస్య చరిత్రను మోస్తున్నవి.

ఉత్తరాన కట్నీ మార్గం పట్టండి. ఆ దారిలోని షహడోల్ ప్రాంతంలో, సోహాగ్‌పూర్ నియోజకవర్గం నుండి శబ్నం మౌసీ శాసనసభకు ఎన్నికైనది. దేశంలో శాసనసభ్యత్వం పొందిన తొలి హిజ్రా ఆమెయే. అదే మార్గం చివర కట్నీ నగరంలో కమలా జాన్ మేయరుగా గెలిచినది. ఆ పదవి మహిళలకు కేటాయించినది. కమలా జాన్ చట్టం దృష్టిలో పురుషుడేనని కోర్టు తీర్పు చెప్పి ఆ ఎన్నికను రద్దుచేసినది. ఇక తూర్పున హౌరా మార్గం పట్టండి. 2015 జనవరిలో రాయ్‌గఢ్ నగరపాలక సంస్థకు మధుబాయి కిన్నర్ మేయరుగా ఎన్నికైనది. అంతకుముందు ఆమె ఇదే మార్గంలో నడిచే రైళ్లలో ఆడిపాడి పొట్టపోసుకున్న మనిషి. మన టి.టి.ఇ.లు, మన గార్డులు చూసిన మనిషి.

కట్నీకీ రాయ్‌గఢ్‌కూ మధ్య తేడా ఏమిటో గమనించండి. రెండుచోట్లా ప్రజలు ఓటు వేసినారు. రెండుచోట్లా ఓటరుకు అభ్యర్థి ఎవరో తెలుసు. కట్నీలో మాత్రం ఓటరు గుర్తించిన మనిషిని కాగితం గుర్తించలేదు. ఆ రెండు ఎన్నికల నడుమ ఈ దేశంలో ఒక పెద్ద న్యాయపోరాటం జరిగినది.

చట్టం నడిచిన దారి

2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయసేవల సంస్థ దాఖలు చేసిన కేసులో న్యాయమూర్తులు కె.ఎస్. రాధాకృష్ణన్, ఎ.కె. సిక్రీల ధర్మాసనం చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చినది. తన లింగమేదో నిర్ణయించుకొనే హక్కు ఆ వ్యక్తిదే అన్నది. ఆ గుర్తింపుకు శస్త్రచికిత్సను షరతుగా పెట్టడం అనైతికమనీ చట్టవిరుద్ధమనీ స్పష్టంచేసినది. విద్యా ఉద్యోగాలలో వెనుకబడిన వర్గాలుగా పరిగణించి రిజర్వేషన్లు ఇవ్వవలసినదనీ, ఆసుపత్రులలో తగిన వైద్యం అందించవలసినదనీ కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించినది.

తీర్పు వెలువడిన తరువాత పాలకులు చేసినదేమిటి? 2016లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లులో జిల్లా స్క్రీనింగ్ కమిటీ అనే సాలెగూడు అల్లినారు. అందులో ప్రధాన వైద్యాధికారి, మానసిక నిపుణుడు, సంక్షేమ అధికారి కూర్చుని ఎదుట నిలబడిన మనిషి ఎవరో తేల్చుతారట! దేశమంతటా నిరసన పెల్లుబికినది. 2019లో ఆమోదం పొంది 2020 జనవరి 10న అమలులోకి వచ్చిన చట్టంలో ఆ కమిటీ లేదు. స్వయంగా భావించుకొనే లింగ గుర్తింపు హక్కును 4వ సెక్షనులో వ్రాసినారు. అయితే వెంటనే జిల్లా మేజిస్ట్రేటు సర్టిఫికేటు తప్పనిసరి చేసినారు. స్త్రీ అనో పురుషుడు అనో నమోదు కావాలంటే శస్త్రచికిత్స జరిగినట్లు వైద్యాధికారి సర్టిఫికేటు తేవాలని 7వ సెక్షనులో చేర్చినారు. ముందు ద్వారం నుండి పంపించివేసిన వైద్యపరీక్షను పెరటి ద్వారం నుండి లోపలికి తెచ్చినారు. సుప్రీంకోర్టు అనైతికమన్న షరతే అయిదేళ్లకు చట్టంలో అక్షరరూపం దాల్చినది.

వైద్యులే నిర్ణయించాలి, లేకపోతే అందరూ ఇష్టం వచ్చినట్లు ప్రకటించుకుంటారన్న వాదన ఏనాడూ చావలేదు. అధికార వర్గాల నోటా, పత్రికల సంపాదకీయాలలోనూ, కడకు మన శాఖా సమావేశాలలోనూ అది మళ్లీ మళ్లీ తల ఎత్తుతున్నది. కనుక చట్టం ఎటు మారినా మన సమాఖ్య వైఖరి ఏమిటో తేటతెల్లం చేయవలసి ఉన్నది.

మెడికల్ బోర్డు మనకు తెలియనిదా?

వైద్యమండలి ముందు నిలబడడం అంటే ఏమిటో రైల్వే కార్మికునికి ఒకరు చెప్పనక్కరలేదు. లోకో పైలటుకు ఏ-వన్ దృష్టి కావాలి. రంగులు గుర్తించలేనివాడు సిగ్నలు చూడలేడు. పరీక్షలో తప్పినవానిని మెడికల్‌గా డీకేటగరైజ్ చేస్తారు. ఆ పరీక్షను మనం వ్యతిరేకించలేదు, ఎందుకంటే దానికి ఒక ప్రయోజనం ఉన్నది. రైలులోని వేలాదిమంది ప్రాణాలు ఆ కళ్లమీద ఆధారపడి ఉన్నవి. మన పోరాటం మరొకచోట సాగినది. డీకేటగరైజ్ అయిన కార్మికుని వీధిన పడవేయరాదు, అదే జీతంపై ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని పోరాడినాము. నేడు వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 20వ సెక్షనులో ఆ రక్షణ ఉన్నది.

ఇప్పుడు చెప్పండి. ఒక గుమాస్తా, ఒక పోస్టుమాన్, ఒక పాయింట్స్‌మన్ సర్వీసు పుస్తకంలో తన పేరు, లింగం మార్చవలసినదని దరఖాస్తు పెట్టుకుంటే, అతని శరీరాన్ని పరీక్షించడం వలన ఏ రైలు సురక్షితంగా నడుస్తుంది? ఏ ఉత్తరం త్వరగా చేరుతుంది? ప్రయోజనం లేని పరీక్ష పరీక్ష అనిపించుకోదు, అది శిక్ష. వివాహమైన మహిళా ఉద్యోగిని ఇంటిపేరు మార్చుకున్నప్పుడు ఏ డాక్టరూ ఆమెను పరీక్షించలేదు. మతం మార్చుకుని పేరు మార్చుకున్నవారికి గెజిట్ ప్రకటన చాలినది. ఒక్క వీరి విషయంలోనే బట్టలు విప్పించే హక్కు యాజమాన్యానికి ఎక్కడినుండి వచ్చినది?

ఉత్తరప్రదేశ్‌లోని ఒక రైల్వే వర్క్‌షాపు ఉద్యోగి శస్త్రచికిత్స చేయించుకున్న తరువాత కూడా రికార్డులో లింగం మార్పుకోసం వర్క్‌షాపు నుండి జోనల్ కార్యాలయానికీ, అక్కడినుండి పైకీ ఫైలు తిరుగుతుండగా కాలం గడపవలసివచ్చినదని పత్రికలలో చదివినాము. కోరిన షరతు నెరవేర్చినవారికే ఈ గతి పడితే, ఆ షరతు నెరవేర్చే స్తోమత లేనివారి మాట ఏమిటి?

కాగితం లేకపోతే మనిషి లేడన్న సూత్రం మనకు కొత్తది కాదు. ఏళ్ల తరబడి పట్టాల మీద చెమటోడ్చిన క్యాజువల్ కార్మికులు చేతిలో సర్వీసు కార్డు సరిగా లేదన్న నెపంతో ఉనికి లేనివారైపోయినారు. 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేవరకు ప్రాజెక్టు క్యాజువల్ కార్మికులకు పర్మనెంటు మార్గం తెరుచుకోలేదు. కాగితం ఇచ్చే అధికారం గలవాడు దానిని ఆయుధంగా వాడుకుంటాడన్న పాఠం మనం అప్పుడే నేర్చినాము.

ఆసుపత్రి గుమ్మం దగ్గర

ఈ చర్చలో అసలు ప్రాణం ఆసుపత్రిలో ఉన్నది. గుర్తింపు వేరు, చికిత్స వేరు. గుర్తింపు చట్టానికి సంబంధించిన విషయం, చికిత్స రోగికీ వైద్యునికీ సంబంధించిన విషయం. ఈ రెండింటినీ ముడివేసినవారే అసలు అనర్థానికి కారకులు. శస్త్రచికిత్స లేనిదే గుర్తింపు లేదంటే, అది అక్కరలేనివారు కూడా కాగితం కోసం కత్తికింద పడుకోవలసివస్తుంది. డబ్బు లేనివారు అర్హత లేని చేతులలో పడి ప్రాణాలమీదికి తెచ్చుకుంటారు. మరొకవంక గుర్తింపు కాగితం లేనిదే చికిత్స లేదంటే, రోగి గుమ్మం బయటనే ఆగిపోతాడు.

ఈ రెండవ ముడి ఎలా పడినదో చూడండి. 2019 చట్టం 15వ సెక్షను ప్రభుత్వాల మీద కొన్ని బాధ్యతలు మోపినది. హార్మోను చికిత్స, శస్త్రచికిత్స, వాటికి ముందూ తరువాతా సలహా సేవలు, వైద్యవిద్యా పాఠ్యాంశాల సమీక్ష, బీమా వసతి అందులో ఉన్నవి. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ పథకం కింద ఏటా అయిదు లక్షల రూపాయల వైద్య రక్షణ ప్రకటించినారు. జాతీయ పోర్టల్ సర్టిఫికేటును దానికి అర్హతగా పెట్టినారు. ఇతర ప్రభుత్వ వైద్య పథకాల లబ్ధిదారులకు వర్తించదని కూడా అన్నారు. అంటే రైల్వే వైద్య విభాగం పరిధిలో ఉన్న మన సభ్యులకూ వారి కుటుంబాలకూ ఆ ద్వారం మూసుకున్నది. మన ద్వారం రైల్వే ఆసుపత్రియే. కాబట్టి అక్కడ ఏమి దొరుకుతుందన్నది మన ప్రశ్న.

మా దృష్టికి వచ్చిన ఒక వ్యవహారం చెబుతాము. ఊరూ పేరూ అనవసరం. ఒక ఉద్యోగి సంతానం, పుట్టినప్పుడు కొడుకుగా నమోదై ఇప్పుడు కూతురుగా జీవిస్తున్నది. జ్వరంతో ఒక ఆసుపత్రికి వెళ్లగా కార్డు మీది పేరుకూ ఎదుటనున్న మనిషికీ పొంతన లేదని కౌంటరులో నిలబెట్టినారు. వరుసలోని వారంతా వినేలా ప్రశ్నలు వేసినారు. ఆ బిడ్డ జ్వరంతోనే ఇంటికి తిరిగివచ్చినది. తరువాత ఎంత జబ్బుచేసినా ఆసుపత్రి మాట ఎత్తనివ్వలేదు. హార్మోనులు, శస్త్రచికిత్సలు తరువాతి మాట. జ్వరానికి మాత్ర దొరకకపోవడమే ఇక్కడి సమస్య.

శరీరం ఏమిటో తెలియకుండా వైద్యం ఎలా చేస్తామని కొందరు వైద్యమిత్రులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. చికిత్స చేసే డాక్టరుకు రోగి శరీర చరిత్ర అంతా తెలియవలసిందే. ట్రాన్స్ పురుషునికి స్త్రీవ్యాధుల నిపుణుని అవసరం పడవచ్చు, ట్రాన్స్ స్త్రీకి ప్రోస్టేటు పరీక్ష అవసరం కావచ్చు. ఆ వివరాలు కేసు కాగితాలలో గోప్యంగా ఉండాలి. రిజిస్ట్రేషన్ కౌంటరుకూ, వరుసలోని జనానికీ వాటితో పనిలేదు. ఇతర వ్యాధుల విషయంలో ఏ గోప్యత పాటిస్తున్నామో అదే ఇక్కడా పాటించమంటున్నాము.

ప్రభుత్వం తన బాధ్యత వదలివేస్తే ఏమవుతుందో హైదరాబాదు అనుభవం చెబుతున్నది. 2021లో అక్కడ ట్రాన్స్‌జెండర్ ప్రజలకోసం మిత్ర్ క్లినిక్ మొదలైనది. దాని నిధులు అమెరికా ప్రభుత్వ సహాయం నుండి వచ్చేవి. 2025 ఆరంభంలో వాషింగ్టన్‌లో ఒక సంతకం పడగానే ఆ సహాయం ఆగినది, హైదరాబాదులో క్లినిక్ తలుపు మూతపడినది. తరువాత టాటా ట్రస్టుల తోడ్పాటుతో మరో పేరుతో తెరుచుకున్నది. దాతలకు వందనాలు. కానీ పౌరుని వైద్యం విదేశీ ఖజానా మీదనో, ధర్మకర్తల ఔదార్యం మీదనో ఆధారపడవలసినదా? అదే నగరంలోని ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు ప్రభుత్వ విధులలో చేరినారు. ప్రభుత్వాసుపత్రి తలచుకుంటే చేయలేనిది లేదనడానికి అదే నిదర్శనం.

లోకం సంగతి కూడా చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుండి అమలుచేసిన వ్యాధుల వర్గీకరణలో ఈ స్థితిని మానసిక రుగ్మతల జాబితా నుండి తొలగించినది. అర్జెంటీనా 2012లోనే స్వయం ప్రకటనతో గుర్తింపు ఇచ్చినది. అదే చట్టంలో చికిత్సను తప్పనిసరి ఆరోగ్య పథకంలో చేర్చినది. బ్రిటన్ కథ దీనికి తలక్రిందులు. స్వయం ప్రకటన కోసం స్కాట్లాండ్ పార్లమెంటు 2022 డిసెంబరులో ఆమోదించిన బిల్లును 2023 జనవరిలో లండన్ ప్రభుత్వం అడ్డుకున్నది. 2025 ఏప్రిల్ 16న అక్కడి సుప్రీంకోర్టు సమానత్వ చట్టంలో స్త్రీ అంటే జన్మతః స్త్రీయేనని తీర్పు చెప్పినది. చట్టం మీద ఇంత రభస జరిగిన ఆ దేశంలోనే ప్రభుత్వ క్లినిక్‌లలో మొదటి సంప్రదింపుకోసం రోగులు ఏళ్ల తరబడి వేచి ఉన్నారు. పత్రికలలో కేకలు, ఆసుపత్రి వరుసలో మౌనం. మనకు ఆ దారి వద్దు.

ఆక్షేపణలకు సమాధానం

మొదటి ఆక్షేపణ: ఉద్యోగాల కోసం అబద్ధపు ప్రకటనలు వస్తాయట. రైళ్లలో చప్పట్లు కొట్టి చేయిచాచే బ్రతుకు మీద, ఇంటినుండి గెంటివేయబడే బ్రతుకు మీద ఎవరికి అంత మోజు? దొంగ కులపత్రాలు ఉన్నవని కుల రిజర్వేషన్లను రద్దుచేయమని మనం ఏనాడైనా అన్నామా? అబద్ధపు ప్రకటనకు శిక్ష విధించండి. నిజమైన మనిషిని ముందే దొంగగా అనుమానించకండి.

రెండవది: మహిళా ఉద్యోగుల భద్రత. దీనిని మేము తేలికగా కొట్టివేయము. విశ్రాంతి గది, మరుగుదొడ్డి, రాత్రి డ్యూటీ విషయాలలో మన సోదరీమణుల భయాలకు కారణాలున్నవి. ఆ భయాలకు కారకులెవరో వారే చెప్పగలరు. ఇన్నేళ్లుగా వారు మా ముందుంచిన ఫిర్యాదులలో తోటి పురుషోద్యోగులూ, పై అధికారులూ ఉన్నారు. ఇంజనులో మరుగుదొడ్డి లేక మహిళా లోకో పైలట్లు అవస్థపడుతుంటే, గేటు దగ్గర గది లేక ట్రాక్ మెయింటెయినర్లు చెట్ల చాటుకు పోతుంటే గుర్తురాని స్త్రీ గౌరవం, ట్రాన్స్‌జెండర్ మాట రాగానే అధికారులకు గుర్తుకువచ్చినది! తలుపూ గడియా ఉన్న వేర్వేరు గదులు కట్టించమని ఇద్దరి తరఫునా అడుగుదాం. లేని వసతి కోసం ఇద్దరు పీడితులు తగవులాడుకుంటే యాజమాన్యానికి ఒక్క ఇటుక ఖర్చు కూడా ఉండదు.

మూడవది: పసిపిల్లలకు చికిత్సలు చేస్తే ప్రమాదం కదా? పిల్లల విషయంలో ఎంత జాగ్రత్త వహించాలన్నది వైద్యశాస్త్రం తేల్చవలసిన విషయం. దానిమీద నిపుణులలోనే తీవ్రమైన చర్చ సాగుతున్నది, సాగవలసిందే. కానీ నలభై ఏళ్ల పార్సిల్ గుమాస్తా సర్వీసు పుస్తకంలో పేరు మార్పును ఆ చర్చ పేరుతో ఆపడం ఏ న్యాయం?

నాలుగవది: కార్మిక ఐక్యత దెబ్బతింటుందన్నది. 1974 మే 8న మొదలైన మహాసమ్మె కాలంలో పోలీసులు రైల్వే కాలనీలలో కుటుంబాలను క్వార్టర్ల నుండి గెంటినప్పుడు ఇల్లు లేని బాధ మనం చవిచూసినాము. 2017లో కొచ్చి మెట్రో 23 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఉద్యోగాలు ఇస్తే దేశమంతా పొగిడినది. కానీ అద్దె గది ఇచ్చేవారు లేక వారిలో కొందరు ఉద్యోగమే వదలుకొనవలసివచ్చినది. ఉద్యోగం ఇచ్చి గూడు ఇవ్వకపోతే అది ఉద్యోగం కాదని మనకంటే ఎవరికి బాగా తెలుసు?

మన శాఖలలో చేయవలసినది

నియామక ప్రకటనలలో వీరి పేరు ఇప్పటికే ఉన్నది. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డుల 2018 నాటి ప్రకటనలలో ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకు ఫీజు రాయితీ ఇచ్చినారు. గ్రామీణ డాక్ సేవకుల నియామకాలలో ట్రాన్స్ స్త్రీలకు ఫీజు మినహాయించినారు. 2020 ఏప్రిల్‌లో కేంద్ర సిబ్బంది శాఖ నియామక పరీక్షల నియమాలలో ట్రాన్స్‌జెండర్ వర్గాన్ని చేర్చవలసినదని అన్ని మంత్రిత్వశాఖలకు వ్రాసినది. 2025 అక్టోబరు 17న జేన్ కౌశిక్ కేసులో సుప్రీంకోర్టు, చట్టం అమలులో ప్రభుత్వాల అలసత్వాన్ని తప్పుపట్టి, విశ్రాంత న్యాయమూర్తి ఆశా మేనన్ అధ్యక్షతన ఒక సలహా సంఘాన్ని నియమించినది. దరఖాస్తు ఫీజు దగ్గర కనబడిన ఉదారత సర్వీసు పుస్తకం దగ్గరా, మందుల కౌంటరు దగ్గరా ఎందుకు మాయమవుతున్నది?

కనుక మన డిమాండ్లు ఇవి:

1. ఉద్యోగి స్వీయ ప్రకటన ఆధారంగా పేరు, లింగం మార్పు నిర్ణీత గడువులో జరగాలి. శరీర పరీక్ష ఉండరాదు. సీనియారిటీకీ ప్రమోషనుకూ భంగం కలుగరాదు.

2. ప్రతి జోనల్ రైల్వే ఆసుపత్రిలో హార్మోను చికిత్సకూ మానసిక సలహాకూ శిక్షణ పొందిన వైద్యులు ఉండాలి. అక్కడ లేని చికిత్సకు రిఫరల్, ఖర్చుల చెల్లింపు ఇవ్వాలి. కౌంటరు సిబ్బంది నుండి మేట్రన్ వరకు శిక్షణ ఇవ్వాలి. వార్డు కేటాయింపులో రోగి మాటకు విలువ ఉండాలి.

3. పాసు, వైద్యం, కుటుంబ పెన్షన్ నియమాలలో కుమారునికి ఒక వయోపరిమితి, అవివాహిత కుమార్తెకు మరొక పద్ధతి ఉన్నవి. ట్రాన్స్‌జెండర్ సంతానానికి ఏది వర్తిస్తుందన్నది గుమాస్తా ఊహకు వదలరాదు. బిడ్డకు ఎక్కువ మేలు చేసే నియమాన్ని వర్తింపజేస్తూ స్పష్టమైన ఉత్తర్వు కావాలి.

4. 2019 చట్టంలో చెప్పిన ఫిర్యాదుల అధికారి పేరు ప్రతి రైల్వే డివిజను, ప్రతి తపాలా డివిజను నోటీసు బోర్డు మీద వ్రాయాలి.

5. రైళ్లలో యాచించేవారిని రైల్వే చట్టం 144వ సెక్షను చూపి దింపివేయడంతో పాలకుల పని తీరిపోదు. స్టేషన్ స్టాళ్లలో, పార్సిల్ కార్యాలయాలలో, తపాలా కేంద్రాలలో వారికి పని చూపించాలి.

ఈ అయిదవ డిమాండు చదివి కొందరు నవ్వవచ్చు. 2021లో ఛత్తీస్‌గఢ్ పోలీసుశాఖ 13 మంది ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులను కానిస్టేబుళ్లుగా ఎంపిక చేసినప్పుడు కూడా నవ్వినవారున్నారు. ఆ కానిస్టేబుళ్లు నేడు యూనిఫారంలో నిలబడినారు.

మరొక మాట మన గురించి. యాజమాన్యాన్ని నిలదీసే ముందు మన శాఖా కార్యాలయాల తలుపులు చూసుకుందాం. క్యాంటీనులో హేళన చేసే నోరు మన సభ్యునిదైతే, ఆ నోరు మూయించవలసినది మన శాఖా కార్యదర్శియే. తోటి ఉద్యోగిని ఆయన లేక ఆమె ఎలా పిలువమంటే అలా పిలవడానికి ఏ రైల్వే బోర్డు ఉత్తర్వూ అక్కరలేదు. ఈ డిమాండ్ల పత్రాన్ని ప్రతి శాఖ తన సర్వసభ్య సమావేశంలో చర్చించి తీర్మానం చేయవలసినదిగా, ఆ తీర్మానాన్ని డి.ఆర్.ఎం.కూ, తపాలా సూపరింటెండెంటుకూ అందజేసి ప్రతిని కేంద్ర కార్యాలయానికి పంపవలసినదిగా కోరుతున్నాము. వ్యతిరేకించేవారు ఉంటే వారు కూడా లేచి మాట్లాడాలి. చర్చకు మేము సిద్ధం. కానీ చర్చ ముగిసేవరకు జ్వరంతో ఉన్న బిడ్డను కౌంటరు ముందు నిలబెట్టే పద్ధతికి మాత్రం మేము ఒప్పుకోము.

కార్మికవర్గ ఐక్యత వర్ధిల్లాలి!